అన్నీ కుదిరాక చూద్దాం



మా చోడవరం చుట్టుపక్కల ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "చెరుకు డబ్బులు చేతికి రానీయండి, అప్పుడు చూద్దాం." మధ్యలో ఆపేసిన డిగ్రీ మళ్ళీ కడతానని కోడలంటే ఇదే మాట. వీణ నేర్చుకుంటానని పిల్ల అడిగినా ఇదే మాట. ఊరి పాత కథలన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టాలని ఇంటి పెద్దాయనకు ఎన్నాళ్ళనుంచో ఉంటుంది, ఆయనా ఇదే అంటాడు. చెరుకు డబ్బులు వస్తాయి. వచ్చాక పిల్ల పెళ్ళి, పెళ్ళయ్యాక పురుడు, పురుడయ్యాక ఇంటి మీద స్లాబు. మనసులో పని మాత్రం మనసులోనే ఉండిపోతుంది.

చెరుకు దగ్గర మాత్రం మన రైతు ఆగడు. నరికిన గడ ఎండలో పడుంటే బరువు పోతుంది, రసంలో తీపి తగ్గుతుంది. అందుకని ఆ పూటో మర్నాడో గానుగకో ఫ్యాక్టరీకో చేర్చేదాకా ఆయనకి నిద్రపట్టదు. బెల్లం వండేటప్పుడు చూడండి. పెనంలో రసం మరుగుతుంటుంది, పైకి తేలిన మడ్డి తీస్తూ ఉంటారు, పాకం కుదిరిందో లేదో నీళ్ళలో ఒక చుక్క వేసి చూస్తారు. కుదిరిందంటే ఇక ఒక్క క్షణం ఉపేక్షించరు. ఎవరైనా పలకరించినా తల తిప్పరు. అంత కాలజ్ఞానం ఉన్న మనిషి తన సొంత కోరిక దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఎలా వాయిదా వేస్తాడా అని నాకు బాధగా ఉంటుంది. ఈ వేళ నా ప్రసంగం ఆ బాధలోంచి పుట్టినదే.

ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. మా ఊరితో ఆయనకున్న సంబంధం మాత్రం చాలామందికి తెలియదు.

గిడుగు వీర్రాజు గారని ఒక ఉద్యోగి ఉండేవారు. శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో కాపురం. ఉద్యోగరీత్యా చోడవరం బదిలీ అయి వచ్చారు. 1875లో విషజ్వరం తగిలి ఇక్కడే కన్నుమూశారు. ఆ రోజుల్లో జ్వరం ఒక్కసారి పట్టుకుందంటే మందూ మాకూ అంతంతమాత్రం. ఆయన కొడుక్కి అప్పటికి పన్నెండేళ్ళు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆ పిల్లవాడే గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన బాల్యం ముగిసింది మాత్రం మన చోడవరంలో జరిగిన ఆ చావుతోనే.

తండ్రి పోయిన పిల్లవాడు విజయనగరంలో మేనమామ గారింట ఉండి మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చేరాడు. గురజాడ అప్పారావు గారు ఆ బడిలో ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. పైచదువు చదవాలని ఉండదా? ఉంటుంది. కానీ పోషించే తండ్రి లేడు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాష్టారుగా చేరాడు. జీతం ముప్పై రూపాయలు. మీసం కూడా సరిగ్గా రాని కుర్రవాడు, మేష్టరు కుర్చీలో కూర్చుని చిన్న తరగతి పిల్లలకి చరిత్ర చెప్పేవాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనలో ఎంతమందిమి ఇక్కడితో సరిపెట్టుకుంటాం? ఉద్యోగం దొరికింది, ఇల్లు గడుస్తోంది, చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంటాం. రామమూర్తి గారు పగలు బళ్ళో పాఠం చెప్పి, మిగిలిన వేళల్లో తన పాఠం తను చదువుకున్నారు. కాలేజీ గుమ్మం తొక్కకుండా ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. ఆ తర్వాత మరికొన్నేళ్ళకు చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. కూడా అలాగే, మంచి ర్యాంకుతో ప్యాసయ్యారు. ఈలోగా రాజావారి బడి కాలేజీ అయింది. చిన్న తరగతుల మాష్టారుగా చేరిన మనిషి ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పారు.

చదువు ఒక్కటే కాదు. పర్లాకిమిడికి దగ్గర్లోనే శ్రీముఖలింగం ఉంది. ఆ గుళ్ళ గోడల మీద శాసనాలున్నాయి. చరిత్ర మాష్టారు కదా, వెళ్ళి ఆ రాళ్ళ ముందు కూర్చుని పాత లిపి స్వయంగా చదవడం నేర్చుకున్నారు. కళింగ రాజుల గురించి తను తెలుసుకున్న సంగతులు పరిశోధన పత్రికల్లో ప్రకటించారు. ఏ విశ్వవిద్యాలయమూ ఆయన్ని రమ్మనలేదు, ఎవరూ జీతమిచ్చి చేయమనలేదు. గుడి ఉంది, శాసనం ఉంది, సెలవు రోజు ఉంది. వాటితోనే మొదలుపెట్టారు.

ఆయన చేసిన పనుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది సవరల పని. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలుంటారు. సంతకు వచ్చినప్పుడు వాళ్ళని చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని అనుకున్నది మాత్రం ఈయన. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. నేర్చుకుందామంటే ఒక నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, నేర్పే పంతులు లేడు. 'ముందు పుస్తకం రానీ, అప్పుడు నేర్చుకుందాం' అనడానికి ఇంతకంటే మంచి సాకు ఎవరికి దొరుకుతుంది చెప్పండి. ఆయనేం చేశారంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని తీసుకొచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషి మాట్లాడుతుంటే వినడం, విన్నది రాసుకోవడం, రాసుకున్నది తిరిగి అతనికి వినిపించి సరిచూసుకోవడం. గంటలు, రోజులు, ఏళ్ళు అలా గడిచాయి. ఆ భాషలో కొన్ని పలుకులు గొంతులో పట్టి ఆపినట్టుంటాయి, మన అక్షరాల్లో అవి ఇమడవు. వాటిని ఒడిసిపట్టడానికి చెవి చాలా సూటిగా ఉండాలి.

ఆ చెవే పోయింది. సవరల గూడేలకు తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. మలేరియాకు అప్పుడున్న మందు క్వినైను. ఆ క్వినైనుతో వినికిడి దెబ్బతింది, మరి తిరిగి రాలేదు. తండ్రిని చోడవరంలో జ్వరం తీసుకుపోయింది, కొడుక్కి కొండల్లో జ్వరం వినికిడి లేకుండా చేసింది. మాటల ధ్వనే ముడిసరుకుగా పనిచేసే మనిషికి అది ఎలాంటి దెబ్బో ఊహించుకోండి. 'ఇక చాలు' అన్నా ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కారు. అయినా ఆయన సవర వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ పుస్తకాలకి పారితోషికం ఇస్తామని మద్రాసు ప్రభుత్వం అంటే పుచ్చుకోలేదు. ఆ సొమ్ముతో సవర పిల్లలకి మంచి బడి పెట్టండి, వాళ్ళ భాషలో చదువు చెప్పించండి అని అడిగారు. సవర భాషా వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో వెలువడింది. అప్పటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. నిఘంటువు పని ఆ తర్వాత కూడా సాగింది.

ఆయన జీవితంలో అన్నీ ఒకేసారి కుదిరిన ఏడాది ఏదా అని నేను వెతికాను. ఎక్కడా కనబడలేదు. వయసున్నప్పుడు డిగ్రీ లేదు. డిగ్రీ వచ్చేసరికి ఉద్యోగ భారం. 1911లో రిటైరై తీరిక దొరికేసరికి వినికిడి లేదు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, డెబ్భై రెండేళ్ళ వయసులో, అన్నేళ్ళు బతికిన ఊరిని వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. స్థిరంగా ఒకచోట కూర్చుని పని చేసుకునే భాగ్యం కూడా ఆఖరి రోజుల్లో ఆయనకు పూర్తిగా దక్కలేదు.

మనందరికీ తెలిసిన గిడుగు వారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు. ఆ ఉద్యమం ఎప్పుడు మొదలైంది? 1907లో. యేట్స్ అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా మన జిల్లాలకు వచ్చి, బళ్ళో తెలుగు ఒకలాగా ఇంట్లో తెలుగు మరొకలాగా ఎందుకుందని ఆరా తీశారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, రామమూర్తి ఆ చర్చలో కలిశారు. రామమూర్తి గారికి అప్పటికి నలభై నాలుగో ఏడు. పాతికేళ్ళ వయసులో ఆయన్ని పిలిచి, 'మీ జీవితాశయం ఏమిటి మాష్టారూ?' అని అడిగి ఉంటే వ్యావహారిక భాష అని చెప్పగలిగేవారు కాదు. ఆ ఆలోచన అప్పటికి ఎక్కడుంది? కానీ శాసనాలు చదివి చదివి, తెలుగు ఏ కాలంలోనూ ఒక్కలా నిలిచిలేదని తెలుసుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ నోటి భాషలో పాఠం చెబితే ఎంత చక్కగా పట్టుకుంటారో కళ్ళారా చూశారు. అప్పుడు మన తెలుగు పిల్లల చేత ఎవరూ మాట్లాడని భాషలో పరీక్షలు రాయిస్తుంటే ఆయన ఎలా ఊరుకుంటారు? ముఖలింగం గోడల దగ్గరా, తన ఇంటి వసారాలో సవర మనిషి దగ్గరా నేర్చుకున్నదే ఆయన్ని ఆ పోరాటంలోకి తీసుకొచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి, ఊరూరా తిరిగి సభల్లో పండితులతో వాదించారు.

ఈ సంగతి చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. మనం అనుకుంటాం, నా కోరిక ఇదీ అని నాకు స్పష్టంగా తెలుసు, పరిస్థితులే అడ్డం అని. కోరిక ముందే అంత స్పష్టంగా ఉండదు. పనిలో దిగాక, చేతులు మురికి అయ్యాక, ఒక తలుపులోంచి ఇంకో తలుపు కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి పదేళ్ళు ఎదురుచూసినవాడికి ఆ రెండో తలుపు ఉందన్న సంగతే తెలియదు. వాయిదా వేయడంలో పోయేది కాలం ఒక్కటే అనుకుంటాం, మనకి తెలియని మన సగం కూడా దానితోపాటే పోతుంది.

మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి సంగతి చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లోనూ ఆసుపత్రిలోనూ పనిచేసి పిల్లల్ని పెంచింది. బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడు పిల్ల పొడుగు చూసి, హర్డిల్స్ పరుగుకి పనికొస్తుందన్నారు. ఆ పిల్ల ఆ పరుగు కోసం ముందునుంచీ కలలు కనలేదు, పరిగెత్తాకే కలగంది.

2020లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నూరు మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అనూరాధా బిస్వాల్ పేరిట 2002 నుంచీ ఉన్న జాతీయ రికార్డు 13.38. అంటే రికార్డు పగిలినట్టే. కానీ ఆ పోటీలో డోపు పరీక్ష జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కాలికట్‌లో ఫెడరేషన్ కప్పులో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. ఎదురుగాలి అనుకునేరు, వెనకనుంచి వీచిన గాలే. సెకనుకి రెండు మీటర్ల కంటే ఎక్కువ వేగంతో వెనకగాలి ఉంటే ఆ రికార్డు చెల్లదు. ఆ రోజు గాలి 2.1. అన్నీ అనుకూలించిన రోజున పరిగెత్తిన పరుగు అలా కొట్టుకుపోయింది. ఎంత ఏడ్చిందో ఆ పిల్ల మనకి తెలియదు. ఒక్క నెల తిరిగేసరికి, మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో మళ్ళీ దిగింది. గాలి ఏమాత్రం సాయం చేయలేదు, పైగా కాస్త ఎదురుగానే ఉంది. 13.23. జాతీయ రికార్డు తన పేరిట రాయించుకుంది. మరుసటి ఏడాది జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్, వాన తడిసిన ట్రాకు, 13.09 సెకన్లు, బంగారు పతకం. కాలికట్‌లో గాలి తీసేసుకున్న అంకె ఇదే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరుగులో నిలబడ్డ మొదటి భారతీయురాలు మన జ్యోతి.

ఇప్పుడు మీలో కొందరికి కోపం రావచ్చు. పొద్దున్న లేస్తే కూలికి వెళ్ళాలి, సాయంత్రానికి పొయ్యి వెలగాలి, మాకు గిడుగు వారి కథలూ ఒలింపిక్స్ కథలూ చెబుతావేమిటని. ఆ కోపం న్యాయమైనదే. అప్పులున్నవాడిని ఉద్యోగం వదిలేసి కల వెనక పరిగెత్తమని చెప్పే మాటలు ఈ మధ్య ఫోనుల్లో ఎక్కడ చూసినా వినబడుతున్నాయి. ఆ మాటలు నాకు నచ్చవు. గిడుగు వారు ఉద్యోగం వదల్లేదు. ముప్పై ఏళ్ళు అదే ఊళ్ళో పాఠాలు చెప్పారు. ఆ జీతంలోంచే ఇంటినీ నడిపారు, సవర బడులకూ ఖర్చుపెట్టారు. ఇల్లు గడవడమే గగనంగా ఉన్నవాళ్ళని నేను నిందించను. పని మొదలుపెట్టడానికి కావలసింది రోజులో ఒక గంటా, రాసుకోవడానికి ఒక పుస్తకం మాత్రమే అయినప్పుడు కూడా 'అన్నీ కుదిరాక' అనే మాట అడ్డుపెట్టుకుంటున్నాం చూశారా, నా పేచీ దానితోనే.

ఆ గంట కూడా ఆడవాళ్ళకు సులభంగా దొరకదు. 'మీరు ఆగకండమ్మా, మొదలుపెట్టండి' అని రేడియోలో చెప్పడం తేలిక. నాలుగున్నరకి లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి, పశువుల పని చూసి, పొలానికి వెళ్ళి వచ్చే ఆవిడకి ఆ గంట ఇవ్వాల్సినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. మొగుడు ఇవ్వాలి, అత్తగారు ఇవ్వాలి, ఎదిగిన కొడుకు ఇవ్వాలి. భండారు అచ్చమాంబ గారిని తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒక దృశ్యం కళ్ళకి కడుతుంది. చిన్నప్పుడే పెళ్ళయి మధ్యపరగణాలకు కాపురానికి వెళ్ళిన పిల్ల. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారింట ఉండి చదువుకుంటుంటే, ఆ తమ్ముడి పక్కన కూర్చుని ఆవిడా అక్షరాలు దిద్దుకుంది. తమ్ముడు ఆ చోటు ఇచ్చాడు. ఆ చదువుతోనే ఆవిడ కథలు రాసింది, భారతదేశంలోని ప్రసిద్ధ స్త్రీల చరిత్రలు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా కూర్చింది. కన్నబిడ్డల్ని పోగొట్టుకుని కూడా కలం వదల్లేదు. 1905లో, ముప్పై ఏళ్ళ వయసులోనే పోయింది. బాధ్యతలు తీరాక రాద్దామని ఆవిడ అనుకుని ఉంటే ఆవిడ పేరు కూడా మనకి మిగిలేది కాదు.

గిడుగు వారి రోజుల్లో ప్రైవేటుగా పరీక్షకు కట్టడం అంటే మాటలు కాదు. ఇవాళ మన పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ 1972 నుంచీ దూరవిద్య నడుపుతోంది. ఇంటర్‌తో ఆపేసిన కోడలు, అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తాగా చేస్తున్న కుర్రాడు, ఆటో నడిపే అబ్బాయి, ఎవరైనా పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని చదువుకోవచ్చు. ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత మార్కుల జాబితా బయటికి తీయడమే మొదటి పని. ఆ పని ఈ ఆదివారమే చేయండి. పెద్దాయనా, మీరు ఊరి కథలు రాయడానికి గది కట్టేదాకా ఆగకండి. మనవడి పాత నోటుపుస్తకంలో వెనక ఖాళీ పేజీలున్నాయి. మీకు చెరువు గట్టు తవ్వినప్పటి కథ చెప్పిన ముసలమ్మ ఇవాళ ఉంది. వచ్చే ఏడు ఆవిడ ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

ఒక విన్నపంతో ముగిస్తాను. మన చోడవరం మండలంలోని బడుల్లో ప్రతి ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేస్తారు, పిల్లల చేత పద్యాలు చదివిస్తారు. ఆయన తండ్రి ఈ ఊళ్ళోనే పోయారని, పన్నెండేళ్ళ ఆ పిల్లవాడి కష్టాలు ఇక్కడే మొదలయ్యాయని ఆ పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. ఉపాధ్యాయులు ఈసారి ఆ సంగతి చెప్పండి. దానితోపాటు ఆ రోజు వేదిక మీద ఒక కుర్చీ మన ఊరివాళ్ళకు కేటాయించండి. నలభై దాటాక డిగ్రీ కట్టినావిడో, రిటైరయ్యాక హార్మోనియం పట్టినాయనో, పగలంతా గానుగ దగ్గర పని చేసి రాత్రి కథలు రాసుకునే కుర్రాడో మీ వీధిలో తప్పకుండా ఉంటారు. వాళ్ళని పిలిచి మాట్లాడించండి. ఏ రోజున మొదలుపెట్టారో, ఆ రోజు ఇంట్లో ఎవరేమన్నారో, చేతిలో ఎంత డబ్బుందో పిల్లలు వాళ్ళనే అడగనివ్వండి.